ఒంటిని వేలాడదీసే తాడుకు వేదాంతం దేనికి

"ఇది వేల ఏళ్ల నాటి ఆధ్యాత్మిక సాధన" అంటూ ఎవరైనా షిబారి గురించి చెప్పడం మొదలుపెడితే నాకు ముందు భయం వేస్తుంది, తర్వాత కోపం వస్తుంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: షిబారి అంటే జపాన్ పద్ధతిలో తాళ్లతో మనిషిని కట్టడం. దాన్నే కిన్‌బాకు అని కూడా అంటారు. అందులో అన్నిటికన్నా కష్టమైనది సస్పెన్షన్, అంటే కట్టిన మనిషిని నేల మీద నుంచి లేపి పూర్తిగా తాళ్ల మీద వేలాడదీయడం. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరికీ ఇష్టమై, ఏం చేస్తున్నారో తెలిసి చేసుకునే పని ఇది. కొందరికి ఇది శృంగారంలో భాగం, కొందరికి అసలు దాంతో సంబంధమే ఉండదు, ఒంటికీ మనసుకూ దొరికే ఒక విచిత్రమైన విశ్రాంతి. నాకు రెండూ తెలుసు. నేను ఫిజియోథెరపిస్టుని, ఊరు విజయనగరం, బెర్లిన్‌లో చదువుకున్న రోజుల్లో తాళ్లు కట్టడమూ కట్టించుకోవడమూ నేర్చుకున్నాను, ఇప్పుడు ఉంటున్నది హైదరాబాద్‌లో. ఇది బూతు అనుకునేవాళ్లతో వాదించడానికి నేను ఇది రాయడం లేదు. నా గొడవంతా దీన్ని పవిత్రం చేసేవాళ్లతోనే.

ఎందుకంటే, నాకు బాగా దగ్గరైన ఒకమ్మాయి ఒక వర్క్‌షాప్‌కి వెళ్లింది. చేతులు వెనక్కి విరిచి, జబ్బల మీదుగా ఛాతీ చుట్టూ తాడు తిప్పి, పైకి లేపారు. కొద్దిసేపటికి బొటనవేలి దగ్గర మొద్దుబారినట్టుందని చెప్పింది. కట్టినాయన ఏమన్నాడో తెలుసా? "అది నీ అహంకారం వదులుతోంది, శ్వాస మీద దృష్టి పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. పాపం, గురువు చెప్తే వినాలని చిన్నప్పటి నుంచీ నేర్పించాం కదా మనం. కిందికి దించాక కుడి మణికట్టు పైకి లేవలేదు. చెయ్యి జాపితే అరచెయ్యి అలా కిందికి వేలాడిపోయింది. రిస్ట్ డ్రాప్. టైపింగే బతుకుతెరువైన మనిషికి అన్నం కలుపుకోవడం కూడా రాకుండా పోయింది, అది మళ్లీ మామూలు కావడానికి నెలలు పట్టింది. ఆయన చెడ్డవాడని నేను అనను. ఆ మాటను ఆయన కూడా నమ్మే ఉంటాడు. నాకు భయం వేసేది సరిగ్గా అక్కడే.

కాబట్టి ఈ "వేల ఏళ్ల సాధన" సంగతి కొంచెం చూద్దాం.

జపాన్‌లో తాడుకు పవిత్రత ఉన్న మాట నిజం. జపాన్ సంప్రదాయ మతమైన షింటో గుళ్ల ముందు వరిగడ్డితో పేనిన లావుపాటి తాడు కడతారు, శిమెనవ అంటారు. ఇజుమో గుడిలో కట్టినది దాదాపు 13 మీటర్ల పొడవు, టన్నుల బరువు. ఇక్కడి నుంచి లోపల దేవతల చోటు అని చెప్పే హద్దు అది. సుమో యోధుల్లో అత్యున్నత స్థాయికి చేరిన యోకొజునా నడుముకు కట్టుకునే తెల్లతాడు కూడా ఆ వరసలోదే. అయితే శిమెనవతో మనుషుల్ని కట్టరు, వేలాడదీయరు. పవిత్రమైన తాడు ఉన్న దేశంలో మనిషిని కట్టే తాడు కూడా ఉంది కాబట్టి రెండూ ఒకటే అనడం, కొబ్బరికాయ గుళ్లోనూ కొడతాం పచ్చళ్లోనూ వేస్తాం కాబట్టి పచ్చడి ప్రసాదం అన్నట్టుంటుంది.

మనిషిని కట్టే తాడు వచ్చింది పోలీసు పని నుంచి. ఖైదీలను తాడుతో బంధించే విద్యను హోజోజుత్సు అంటారు, సైనిక పాలకులైన షోగున్‌లు ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి ఏలిన కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకూ, అది బాగా పెరిగింది. సమురాయ్‌కి ఒక కట్టు, మామూలు మనిషికి ఒకటి, సన్యాసికి వేరు, ఆడవాళ్లకు వేరు. కట్టు చూస్తే ఖైదీ ఎవరో తెలిసేది. అక్కడితో ఆగలేదు. ఆ కాలపు న్యాయవ్యవస్థలో శిక్ష వేయాలంటే నేరస్తుడు తన నోటితో ఒప్పుకోవడం చాలా ముఖ్యం, ఒప్పుకోకపోతే ఒప్పించాలి. 1742లో షోగున్ యోషిమునె కాలంలో చట్టాలను క్రోడీకరించారు. ఆ వ్యవస్థలో హింసించే పద్ధతులు నాలుగు: కొరడాతో కొట్టడం, మోకాళ్ల మీద కూర్చోబెట్టి తొడల మీద రాతిపలకలు పేర్చడం, రొయ్యలా వంచి కట్టి వదిలేయడం, నాలుగోది త్సురిజెమె, చేతులు వెనక్కి కట్టి వేలాడదీయడం. ఈ నాలుగోది అన్నిటికన్నా తీవ్రమైనదని వాళ్లే లెక్కగట్టారు. పై అధికారుల అనుమతి లేకుండా చేయకూడదు, ఎదోలోని కోదెన్మచో జైల్లో దీనికోసం ప్రత్యేకంగా ఒక గది ఉండేది. షోగున్‌లు పోయి మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం వచ్చాక కూడా హింస వెంటనే ఆగలేదు. జపాన్‌కు చట్టాలు రాసిపెట్టడానికి వచ్చిన ఫ్రెంచి న్యాయవేత్త గుస్తావ్ బువాసొనాద్ 1875లో హింసిస్తున్న మనిషి అరుపులు విని, ఇది ఆపాలని గట్టిగా పట్టుబట్టాడు. 1879లో హింసను చట్టం నుంచి తీసేశారు.

ఇది ధ్యానం కాదు కదా. మనిషి ఒంటికి ఎక్కడ, ఎంతసేపట్లో, ఏం జరుగుతుందో బాగా తెలిసినవాళ్లు, ఆ జరిగేది జరగాలనే వేలాడదీశారు.

అక్కడి నుంచి ఇది శృంగారంలోకి ఎలా వచ్చిందన్నది కూడా అంత అందమైన కథేం కాదు. జపాన్ సంప్రదాయ కబుకి నాటకాల్లో బంధించిన స్త్రీ పాత్రలు ఉండేవి. చెర్రీ చెట్టుకు కట్టేసిన ఒక యువరాణి రాలిన రేకుల మీద కాలివేళ్లతో ఎలుక బొమ్మ గీస్తే, అది ప్రాణం పోసుకుని తాడు కొరికి విడిపించే దృశ్యం జనానికి ఇప్పటికీ ఇష్టం. (నాకూ చాలా ఇష్టం, తాడు నుంచి విడిపించేది ఆమె చేతిపని కాబట్టి.) చిత్రకారుడు త్సుకియోకా యోషితోషి 1885లో ఒక నిండు గర్భిణిని తలకిందులుగా వేలాడదీసి, పక్కన ముసలిది కత్తి నూరుతున్నట్టు ఒక భయంకరమైన బొమ్మ వేశాడు. అది చూసి పిచ్చెక్కిన ఇతో సెయు అనే మరో చిత్రకారుడు 1921లో గర్భంతో ఉన్న తన భార్యనే అలా వేలాడదీసి ఫోటో తీయించాడు. కిన్‌బాకుకు ఆద్యుడని ఈ సెయునే చెప్తారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కితన్ క్లబ్ లాంటి పత్రికలు, ఆ తర్వాత వేదికల మీద ప్రదర్శనలు, 1990ల నుంచి యూరప్, అమెరికా. శృంగారపు కళగా దీని వయసు ఒక శతాబ్దం పైచిలుకు, అంతే. మూలం శిక్షలోనూ, ఆ శిక్షను చూసి ఉద్రేకపడిన కళ్లలోనూ ఉంది.

ఇది చదివి "అయితే ఎందుకు చేస్తున్నావ్" అని అడగొచ్చు. చెప్తాను, కానీ ముందు మన వైపు కూడా చూడాలి, ఎందుకంటే వేలాడటంలో నిజంగానే పూజ ఉన్న చోట్లు ఉన్నాయి, అందులో మన నేల ఒకటి.

సిడి అంటే పాత తరానికి తెలుసు. పొడవాటి మాను ఒకటి నిలబెట్టి, దాని మీద అడ్డంగా ఇంకో మాను, మొక్కుకున్న మనిషి వీపు కండలోకి ఇనప కొక్కేలు గుచ్చి, ఆ అడ్డమాను చివర వేలాడదీసి గిరగిరా తిప్పేవాళ్లు. తెలుగు, కన్నడ, తమిళ ప్రాంతాలన్నిటా ఉండేది. బెంగాల్లో చరక్ పూజ, అక్కడ 1865లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాకాలం నచ్చజెప్పి ఆపించాలని చూశారు, 1891లో మదురై జిల్లా షోలవందాన్‌లో మళ్లీ జరిగితే పెద్ద రగడైంది. కొన్ని ఊళ్లలో మనిషి బదులు గొర్రెను కట్టి తిప్పడం మొదలుపెట్టారు. మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఇప్పటికీ ప్రతి ఏడూ విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం ఊరేగుతుంది. చింతమాను, 50 అడుగుల పైనే ఉంటుంది, దాని కొసన పూజారిని కూర్చోబెట్టి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. కొక్కేలు లేవు, రక్తం లేదు. గాల్లో ఉన్న ఒక్క మనిషి కోసం కింద లక్షల మంది తలెత్తి చూసే ఆ క్షణంలో ఏదో ఉందని నేను చిన్నప్పటి నుంచీ నమ్ముతాను. అమెరికాలో మిస్సోరి నది పైభాగాన ఉండే మాండన్ తెగ చేసే ఓకిపా క్రతువులో యువకుల్ని ఛాతీకి, భుజాలకు పుల్లలు గుచ్చి వేలాడదీసేవాళ్లు, చిత్రకారుడు జార్జ్ కాట్లిన్ 1832లో చూసి రాశాడు. అయిదేళ్లకు మశూచి వచ్చి ఆ తెగ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ఇవి నిజమైన క్రతువులు. వీటిలో ఊరుంది, మొక్కుంది, ఎందుకు వేలాడుతున్నామో అందరికీ ఒకేలా తెలిసిన కథ ఉంది. అయినా పూజ అయినంత మాత్రాన వేలాడే మనిషికి ఇష్టం ఉందని అర్థం కాదు. సిడి విషయంలో కొన్ని చోట్ల కలవారు మొక్కుకుని, వేలాడటానికి మాత్రం డబ్బో ధాన్యమో ఇచ్చి తక్కువ కులాలవాళ్లను పెట్టేవాళ్లు. మొక్కు ఒకరిది, వీపు ఇంకొకరిది. "దించండి" అని అరిస్తే దించే ఏర్పాటు ఆ పూజలో ఉండదు, ఎందుకంటే మధ్యలో ఆగితే అమ్మవారికి కోపం. నేను పవిత్రతను చూసి భయపడేది ఇందుకే. ఏదైనా పవిత్రం అయిన మరుక్షణం దాన్ని మధ్యలో ఆపడం పాపం అవుతుంది. సస్పెన్షన్‌లో ప్రాణం కాపాడేది సరిగ్గా ఆ మధ్యలో ఆపడమే.

ఇక ఎందుకు చేస్తానంటే, బాగుంటుంది కాబట్టి. అంతకన్నా పెద్ద కారణం వెతికి వెతికి మానేశాను. అయినా కొంచెం విడమరిచి చెప్తాను. ఛాతీ చుట్టూ తాడు ఒక్కో చుట్టూ బిగుస్తుంటే ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంటుంది. మన జీవితాల్లో పెద్దయ్యాక అంత గట్టిగా, అంతసేపు, ఏమీ అడగకుండా ఎవరు పట్టుకుంటారు చెప్పండి? చేతులు కదలవు కాబట్టి ఫోన్ లేదు, వంట లేదు, ఇంకొకరికి చేసిపెట్టాల్సిన పని ఏదీ మీ చేతిలో లేదు. పాదం నేలను వదిలే క్షణంలో ఒళ్లు బెదురుతుంది, అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, కాసేపటికి ఆ బెదురు దిగి, మెదడు తన సొంత నొప్పి మందులు తనే వదులుతుంటే ఒక మత్తులాంటి నిశ్చింత వస్తుంది. కట్టేవాళ్ల వైపు నుంచి చూస్తే అది పూర్తిగా వేరే ఆనందం. ఒక మనిషి బరువంతా మీ ముళ్ల మీద ఉన్నప్పుడు ప్రపంచంలో ఇంకే టెన్షనూ గుర్తుండదు. ఇంత చెప్పినా ఇది అందరికీ పడదు, పడాల్సిన పనీ లేదు. జనపనార వాసన కూడా ఒక కారణం నాకు. నెల్లిమర్ల జూట్ మిల్లు దగ్గర పెరిగినవాళ్లకు ఆ వాసన ఇంటి వాసన.

సరే, నరాల సంగతి. ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఓపిక పట్టండి.

భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక వెనక నుంచి చుట్టుకుంటూ ముందుకు వచ్చే నరం ఒకటుంది, రేడియల్ నరం. జబ్బ బయటి వైపు, మధ్య నుంచి కొంచెం కిందకు, అది ఎముకకు ఆనుకుని ఉంటుంది, దాని మీద కండ మందం తక్కువ. షిబారిలో అందరూ నేర్చుకునే తకాతే కోతే అనే కట్టులో, చేతులు వెనక్కి పెట్టి ఛాతీ చుట్టూ వేసేది, తాళ్లు సరిగ్గా ఆ ప్రాంతం మీదుగానే పోతాయి. నేల మీద కూర్చున్నప్పుడు ఏమీ కాదు. పైకి లేపగానే ఒంటి బరువు తాడు మీద పడుతుంది, తాడు అంగుళం జరిగినా నరం ఎముకకూ తాడుకూ మధ్య నలుగుతుంది. తాగి కుర్చీ చేతి మీద జబ్బ వేలాడేసి నిద్రపోయినవాళ్లకు తెల్లారి మణికట్టు లేవదు, అలాంటి కేసులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తాడుతో అదే దెబ్బ నిద్రకన్నా చాలా తొందరగా తగులుతుంది. పైగా ఒక్కొక్కరి నరం ఒక్కో దారిలో పోతుంది, ఒకరికి పదిసార్లు ఏమీ కాని కట్టు ఇంకొకరికి మొదటిసారే దెబ్బ తీయొచ్చు.

చాలామంది చెక్ చేసే పద్ధతే తప్పు. "నా వేలు గట్టిగా పట్టుకో" అంటారు, పట్టుకుంటే బాగానే ఉందనుకుంటారు. పిడికిలి బిగించే కండరాలు చాలావరకు వేరే నరాలవి. రేడియల్ నరం పని పిడికిలి మూయడం కాదు, మణికట్టును వెనక్కి లేపడం, వేళ్లను చాపడం, బొటనవేలిని పైకి ఎత్తడం. కాబట్టి అడగాల్సింది "మణికట్టు వెనక్కి లేపు, వేళ్లు చాపు" అని. స్పర్శ చూడాల్సింది చేతి వెనక, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మం మీద. చెయ్యంతా నెమ్మదిగా చల్లబడి, రంగు మారి, తిమ్మిరెక్కితే అది ఎక్కువగా రక్తప్రసరణ సంగతి, దానికి కొంత సమయం ఉంటుంది. ఒకే చోట సర్రున కరెంటు కొట్టినట్టు అనిపించినా, ఉన్నట్టుండి ఒక వేలి దగ్గర మొద్దుబారినా, బలం తగ్గినా అది నరం. అప్పుడు మాటల్లేవు, వెంటనే బరువు దించాలి. శ్వాస మీద దృష్టి తర్వాత పెట్టుకోవచ్చు.

తుంటి చుట్టూ వేసే తాళ్లు తొడ బయటి వైపు స్పర్శ పోగొట్టగలవు. ఛాతీ తాళ్లు బిగుతైతే ఊపిరి పైపైనే ఆడుతుంది. నిటారుగా, కదలకుండా, ఎక్కువసేపు వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి స్పృహ తప్పొచ్చు, కొండలెక్కేవాళ్లకూ ఎత్తైన చోట్ల బెల్టులతో పనిచేసే కార్మికులకూ ఇది తెలిసిన ప్రమాదమే. మెడకు తాడు ఎప్పటికీ వద్దు, ఏ కారణంతోనైనా సరే. 2011లో రోమ్‌లో ఒక కార్ పార్కింగ్‌లో ఇద్దరమ్మాయిల్ని ఒకే తాడు ఏర్పాటుకు, ఒకరి బరువు ఇంకొకరి మీద పడేలా కట్టారు, ఒకమ్మాయి చనిపోయింది.

హైదరాబాద్ అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఒక మాట: ఫ్యాన్ కొక్కెం ఫ్యాన్ కోసం. నాలుగైదు కిలోల బరువుకు వేసినది, ఎప్పుడు వేశారో, స్లాబులో ఎంత లోపలికి ఉందో, తుప్పు పట్టిందో ఎవరికీ తెలియదు. మనిషి బరువు 60 కిలోలే అయినా లేపేటప్పుడు, ఊగినప్పుడు, కుదిపినప్పుడు పడే లాగుడు దానికి రెట్టింపు పైన ఉండొచ్చు. ఫాల్స్ సీలింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏ దూలం మోస్తుందో ఇంజినీరు చెప్పాలి, రింగులూ క్యారబైనర్లూ (మూత ఉన్న లోహపు కొక్కేలు) కొండలెక్కేవాళ్లు వాడే రకం కావాలి, వాటి మీద మోసే బలం కిలోన్యూటన్లలో చెక్కి ఉంటుంది. 6 మిల్లీమీటర్ల జనపనార తాడు అందంగా ఉంటుంది కానీ రాపిడికి అరుగుతుంది, తెగుతుంది, పైకి లాగే తాళ్లను ప్రతిసారీ వేళ్లతో తడిమి చూసి, అనుమానం వస్తే పారేయాలి. అంబులెన్సువాళ్లు వాడే మొండి మొన కత్తెర చేతికి అందేంత దూరంలో ఉండాలి, అయితే వేలాడుతున్న మనిషి పై తాడు కత్తిరిస్తే తల నేలకు కొట్టుకుంటుంది, ముందు ఒంటిని ఎత్తి పట్టుకోవాలి. అసలు మోకాలి ఎత్తుకు మించి లేపాల్సిన అవసరం చాలామందికి లేదు, ఎత్తు చూసేవాళ్ల కోసమే. మందు కొట్టి కట్టొద్దు, కట్టించుకోవద్దు. కట్టిన మనిషిని వదిలి నీళ్లు తేవడానికి కూడా గది దాటొద్దు.

చట్టం గురించి అడుగుతుంటారు. మన దేశంలో షిబారికంటూ చట్టం లేదు. భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 87, ప్రకారం పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి ఒప్పుకుని చేయించుకున్న దానివల్ల కలిగే హాని నేరం కాదు, అయితే చావు గానీ తీవ్రమైన గాయం గానీ చేయాలన్న ఉద్దేశం చేసేవాడికి ఉండకూడదు, అలా జరిగే అవకాశం ఉందని తెలిసి కూడా ఉండకూడదు. ఇద్దరు సరదాగా కత్తిసాము చేయడం అక్కడ ఇచ్చిన ఉదాహరణ. తీవ్రమైన గాయం అంటే ఏమిటో 116వ సెక్షన్ చెప్తుంది, 15 రోజులు మామూలు పనులు చేసుకోలేకపోయినా అందులోకి వస్తుంది, పాత చట్టంలో అది 20 రోజులు. మణికట్టు లేవని మనిషికి 15 రోజులు ఎంత తొందరగా గడుస్తాయో నేను చూశాను. "ఆమె ఒప్పుకుంది" అన్న మాట ఆ గీత దాటాక ఎంతవరకు కాపాడుతుందో కట్టేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. ఇంగ్లండ్‌లో అయితే 1993లోనే అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్, అది కూడా ముగ్గురు ఒక వైపు ఇద్దరు ఒక వైపుగా, ఇలాంటి వాటిలో గాయమైతే ఒప్పుకున్నారన్న మాట శిక్ష నుంచి కాపాడదని తేల్చేసింది.

ఒకవేళ మీకో, మీ స్నేహితులకో దించాక మణికట్టు లేవకపోతే, నూనె పెట్టి మర్దన చేయకండి, తెల్లారితే సర్దుకుంటుందని కూర్చోకండి. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి, తాడు వల్లే అయిందని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, సిగ్గుపడి "మెట్ల మీద జారాను" అంటే డాక్టరు మెడలోనో మోచేతిలోనో వెతుకుతూ కూర్చుంటారు. మణికట్టును లేపి ఉంచే స్ప్లింట్ వేస్తారు, వేళ్లు బిగుసుకుపోకుండా రోజూ ఇంకో చేత్తో చాపుతూ ఉండాలి. నరాల పరీక్ష మొదటి రోజే చేస్తే పూర్తి చిత్రం రాదు, రెండు మూడు వారాలయ్యాక చేస్తే దెబ్బ ఎంత లోతుగా తగిలిందో తెలుస్తుంది. పై పొర మాత్రమే నలిగితే చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లోపు తిరిగి వస్తుంది. ఈలోగా అదే కట్టు మళ్లీ వేయించుకుందామని ఎవరైనా అంటే, వాళ్ల గురుపరంపర ఏ గుళ్లో మొదలైందని చెప్పినా సరే, ఒప్పుకోకండి.